అంచు నిలవని పఫ్‌లు

బావ యాభయ్యో పుట్టినరోజని అక్క ఇంటికి ఆదివారం పదిమందిని పిలిచారు. టిఫిన్‌కి ఆలస్యం, భోజనానికి తొందర అనిపించే వేళకి వస్తారు. చేత్తో పట్టుకుని తినడానికి వీలుగా ఏమైనా ఉండాలి. వంట దగ్గర అక్కని నమ్ముకుంటే పస్తే అని తెలుసు కాబట్టి చెల్లెలు అందరికంటే ముందే వచ్చి వంటింట్లో దిగింది.

అక్క కంటి ఆపరేషన్లు చేసే డాక్టరు. "కన్ను కోస్తుంది గానీ ఉల్లిపాయ కోయలేదు," అని బావ ఏడిపిస్తుంటాడు.

చెల్లెలు కొని తెచ్చిన పఫ్ షీట్లను చల్లదనం పోయేదాకా బయట ఉంచి, నలుపలకల ముక్కలుగా కోసింది. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో తురిమిన చీజు, మిరియాల పొడి కలిపి ఒక్కో ముక్క మీద చెంచాడు పెట్టి మూలగా మడిచింది. ట్రే అక్క ముందుకు జరిపింది.

"ఫోర్కుతో అంచులు నొక్కు. అంతే. చిన్నపిల్లలు కూడా చేస్తారు."

"పెద్ద డాక్టర్ని పట్టుకుని నీ దగ్గర అప్రెంటిస్‌ని చేశావే," అంది అక్క.

చెల్లెలు అటు తిరిగి బ్రెడ్ ముక్కల్ని పలచగా ఒత్తి, గుంటల ట్రేలో గిన్నెల్లా కూర్చసాగింది. వెనక నుంచి టకటకమని చప్పుడు. ఫోర్కు కొన ఇనప ట్రేకి తగులుతోంది. ఆగి మళ్ళీ మొదలవుతోంది.

"కాఫీ తాగలేదా?" అంది చెల్లెలు.

"నిద్ర సరిగ్గా లేదు."

గుడ్డు సొన రాయడానికి బ్రష్ అందిస్తే అక్క ఎడమచేత్తో తీసుకుంది. కుడిచేతిని చీర కొంగులో చుట్టేసుకుంది. చెల్లెలు చేతిలో బ్రెడ్ ముక్క పక్కన పెట్టి, దగ్గరికొచ్చి ఆ కొంగు విప్పింది. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

"ఎప్పట్నించే?"

"వేసవి నుంచి."

"బావకి తెలుసా?"

అక్క తల అడ్డంగా ఊపింది.

"ఆపరేషన్లు చేస్తూనే ఉన్నావా?"

"మైక్రోస్కోప్ ముందు కూర్చుని మణికట్టు ఆనించుకుంటే ఆగుతుంది. ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు."

"రేపు?"

"రేపు ఇద్దరున్నారు." అక్క గొంతు గట్టిపడింది. "నాకు పాఠాలు చెప్పకు. ఎప్పుడు ఆపాలో నాకు తెలుసు."

చెల్లెలికి కోపం వచ్చింది, భయమూ వేసింది. ఏం మాట్లాడితే ఏమవుతుందోనని ట్రేలు రెండూ ఓవెన్‌లో పెట్టేసింది. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

చుట్టాలు, బావ ఆఫీసువాళ్ళు వచ్చి హాలు నింపేశారు. ముందుగా వేగిన బ్రెడ్ గిన్నెల్లో మొక్కజొన్న గింజలు, వెన్న వేసి వేడివేడిగా తీసుకెళ్తే పళ్ళెం దించేలోపే ఖాళీ అయ్యాయి. బావ నోటినిండా పెట్టుకుని నవ్వుతున్నాడు. అక్క అందరినీ పలకరిస్తోంది. కుడిచెయ్యి మాత్రం కొంగులోంచి బయటికి రాలేదు.

ఓవెన్ గంట కొట్టగానే ఇద్దరూ లోపలికొచ్చారు. చెల్లెలు ట్రే బయటికి లాగింది. పఫ్‌లు బంగారు రంగులో పొంగాయి గానీ, సగానికి పైగా నోళ్ళు తెరుచుకున్నాయి. చీజు కారి ట్రే మీద నల్లగా మాడి అంటుకుపోయింది.

"షీట్లు పాతవి ఇచ్చినట్టున్నాడు కొట్టువాడు," అంది చెల్లెలు గబగబా.

"నీకు అబద్ధం చెప్పడం రాదే." అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. విచ్చుకుపోయిన ఆ అంచుల్నే చాలాసేపు చూసింది. "గట్టిగానే నొక్కుతున్నాననుకున్నాను. నాకేమీ తేడా తెలియలేదు. అదే భయంగా ఉంది."

చెల్లెలు పక్కన నిలబడి భుజం మీద చెయ్యేసింది.

అక్క ఫోన్ తీసి ఆసుపత్రిలో తన తోటి డాక్టర్‌కి చేసింది. రేపటి కేసులు రెండూ చూడగలవా అని అడిగింది. అవతల నుంచి కారణం అడిగినట్టున్నారు.

"చెయ్యి వణుకుతోంది. చూపించుకోవాలి. అప్పటిదాకా ఆపరేషన్ థియేటర్‌లోకి రాను," అంది.

ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి గుమ్మంలో బావ. ఇంకేమైనా ఉన్నాయా అని అడగడానికి వచ్చినట్టున్నాడు, చేతిలో ఖాళీ పళ్ళెం ఉంది. దాన్ని మెల్లగా గట్టు మీద పెట్టాడు.

"ఎవరి చెయ్యి?" అన్నాడు.

అక్క కొంగు తీసి చూపించింది. బావ ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. అయినా వణుకు ఆగలేదు. హాల్లోంచి ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు. ఆయన కదల్లేదు.

"నువ్వెళ్ళు, చిట్టీ," అన్నాడు చివరికి. "వాళ్ళకి ఏదో ఒకటి చెప్పు."

చెల్లెలు విచ్చుకోని పఫ్‌లు ఏరి పళ్ళెంలో సర్దుకుని హాల్లోకి వెళ్ళింది. అక్కేదని అడిగినవాళ్ళకి ఇప్పుడే వస్తుందని చెప్పింది.

తర్వాతి వారం పరీక్షలయ్యాయి. మందులు వాడితే వణుకు తగ్గుతుందన్నారు, ఎంత తగ్గుతుందో మాత్రం చెప్పలేమన్నారు. అక్క రోజూ ఆసుపత్రికి వెళ్తూనే ఉంది. బయట గదిలో కూర్చుని కళ్ళు పరీక్ష చేసి, ఆపరేషన్ కావలసినవాళ్ళని లోపలికి, ఇంకొకరి దగ్గరికి పంపిస్తోంది.