బండి నిండా ఆడవాళ్లు

సమ్మయ్య పికప్ రోడ్డెక్కిందంటే ముందు భాగం ఒక దారి, వెనుక భాగం ఇంకో దారి పట్టినట్టుండేది. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాక, లింగాల ఘనపూర్ దగ్గరి అతని ఊరివాళ్లు జనగామ పోవాలంటే ఆ పాత బండే దిక్కయింది. ఎక్కక తప్పేది కాదు. దిగాక నడుములు పట్టుకుని సమ్మయ్యను తిట్టకా తప్పేది కాదు.

మర్నాడు జనగామ హైవే మీద వంటావార్పు, రోడ్డు మీదే వండుకు తినే నిరసన. ఊరి ఆడవాళ్లంతా పోదామనుకున్నారు.

"గా బండ్ల పోతే వంట సంగతి తర్వాత, సక్కగ దవాఖానల పడ్తం" అని సత్తమ్మవ్వ అందరి ముందూ అనేసింది.

ఆ మాట సమ్మయ్యకు గట్టిగానే తగిలింది. లోపమేమిటో అతనికి తెలుసు. వెనుక బరువు మోసే కమాన్ పట్టీల చివర్లలో ఉండే రబ్బరు బుష్షులు అరిగి తునకలయ్యాయి. కొత్తవి కొని సీటు కింద పడేశాడు కూడా. వాటిని వేయాల్సిన మెకానిక్ వీరయ్య షెడ్డు మూసి, జనగామలో సమ్మె టెంటు కింద కూర్చున్నాడు.

"నేను పానా పట్ట సమ్మన్నా. ఫోన్ల చెప్త, నువ్వే ఎయ్యి" అన్నాడు వీరయ్య.

సమ్మయ్య వాకిట్లోనే బండిని జాకీతో లేపి, కింద మొద్దులు పెట్టాడు. తుప్పుపట్టిన బోల్టుకు కిరోసిన్ పోసినా కదల్లేదు. పానాకు ఇనుప పైపు తొడిగి వేలాడాడు. భార్య ఈదమ్మ కూడా వచ్చి వేలాడింది. ఇద్దరూ కలిసి వెల్లకిలా పడ్డారు. లేచి చూస్తే బోల్టు తిరిగింది!

పాత రబ్బరును గీకి తీశాడు. కొత్త బుష్షులకు ఈదమ్మ బట్టల సబ్బు రుద్దింది.

"గాజు ఎక్కించినట్టు మెల్లగ తిప్పుకుంట నూకు. కోపానికొస్తే ఎక్కుతదా?" అంది.

మెల్లగా తిప్పితే ఎక్కాయి. సమ్మయ్య ఉషారుగా నట్లన్నీ బిగించి వీరయ్యకు ఫోన్ చేశాడు.

"బండి గాల్ల ఉండంగనే బిగించినవా? రబ్బరు మెలివడి నాలుగొద్దులకే శినుగుతది! నట్లు లూజు చేసి, బండి కిందికి దించి, లోడ్ ఎక్కించినంక బిగించు."

పత్తి ఇంకా చేన్లోనే ఉంది. వరి కోతకు రాలేదు. ఎక్కించడానికి బస్తా లేదు. సమ్మయ్య నట్లు వదులు చేసి, బండి దించి, తల పట్టుకుని కూర్చున్నాడు. ఈదమ్మ మాత్రం కొంగు బిగించి వాడకట్టులోకి పోయింది. వచ్చేటప్పుడు ఆమె వెనుక ఆడవాళ్ల గుంపే వచ్చింది. చివర సత్తమ్మవ్వ.

"మేం బస్తాలమా సమ్మన్నా?" అని నవ్వుకుంటూనే అందరూ ఎక్కారు. బండి బరువుకు కిందికి దిగింది. సమ్మయ్య చక్రం పక్కన పడుకుని పానా వేశాడో లేదో, పైన బతుకమ్మ పాట మొదలైంది. చప్పట్లకు బండి ఊగింది. పానా జారి అతని ముక్కుకు తగిలింది.

"కదలకుండ్రి అవ్వా, మీకు దండం పెడ్త!"

"పాట పాడుకుంట కదలకుంట ఎట్లుంటరయ్యా?" అంది ఈదమ్మ.

చివరికి పాడొచ్చు గానీ చప్పట్లు వద్దని ఒప్పందమైంది. ఒక్కో చరణానికి ఒక్కో నట్టు బిగిసింది.

"అయిపోయింది, దిగుండ్రి" అన్నాడు సమ్మయ్య లేస్తూ. ఒక్కరూ దిగలేదు.

"ఎక్కినం గదా, ఒక సుట్టు తిప్పుకరా. సూద్దాం నీ పనితనం" అంది సత్తమ్మవ్వ.

నల్లటి చేతులతోనే స్టీరింగ్ పట్టాడు. గుంతలో చక్రం పడింది. సమ్మయ్య పళ్లు బిగపట్టి వెనుక నుంచి తిట్ల కోసం ఎదురుచూశాడు. పాట ఆగలేదు. అతని ఒళ్లంతా తేలికైంది. ఇల్లు చేరాల్సినవాడు పక్కూరి దాకా పోనిచ్చాడు.

బండి నిండా పాడుతున్న ఆడవాళ్లను చూసి పక్కూరి వాళ్లు పరేషానయ్యారు. జెండాలు పట్టుకుని ఉరికొచ్చారు.

"ఇయ్యాల్నేనా? రేపన్నరు గదా! బియ్యం ఇంక జమ చెయ్యకపోతిమి!"

ఈదమ్మ నవ్వు ఆపుకోలేక బండి అంచు పట్టుకుంది.

"వంటావార్పు రేపే. ఇయ్యాల మా ఆయన బండి సూపిస్తాండు."

"అయితే మేమూ ఎక్కుతం జరగుండ్రి" అన్నారు వాళ్లు.