సముద్రం పక్కన తియ్యటి బావి

మొదట గూడ్సు బండి చప్పుడు వినిపించింది.

లారీ మీద కప్పిన టార్పాలిన్ కింద, పలుగులకూ పారలకూ తట్టలకూ నడుమ ముడుచుకుని పడుకున్న పౌలు కళ్ళు తెరవకుండానే ఆ చప్పుడు విన్నాడు. కేసముద్రం స్టేషన్ పక్కన ధాన్యం బస్తాలు మోసిన రోజుల్లో చెవులకు అలవాటైన చప్పుడే అది: దూరాన సన్నగా మొదలై, దగ్గరికొచ్చి విరుచుకుపడి, మెల్లగా జారిపోయే బరువు. అయితే ఈ బండి జారిపోవడం లేదు. పోయినట్టే పోయి మళ్ళీ వస్తున్నది. చివరి పెట్టె ఎంతకీ దాటడం లేదు.

"గింత పొడుగు గూడ్సు నేనేడ సూడలే," అన్నాడు పక్కనున్న లచ్చిరాం. అతను మానుకోట దగ్గరి తండావాడు. రాయి పగలగొట్టడంలోనూ మాట విసరడంలోనూ ఆ కూలి ముఠాలో అతనికి సాటి లేరు. "ఇల్లందు బొగ్గంత గిటే తోలుతున్నరా ఏంది?"

పౌలు భార్య సత్తమ్మ టార్పాలిన్ అంచు ఎత్తి బయటికి చూసింది. తర్వాత భర్తను మోచేత్తో పొడిచింది. పేరు పెట్టి పిలవడం ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఇగో, లే. గిది బండి గాదు."

పౌలు లేచి చూశాడు. నేల అక్కడితో అయిపోయింది. అవతల అంతా నీరు. తెల్లవారుతున్న వెలుగులో అది కదులుతున్నది, లేస్తున్నది, తెల్లగా విరిగి మళ్ళీ తనలో తానే కలిసిపోతున్నది. పౌలు పుట్టింది జనగామ దగ్గర, రాయి తప్ప మరేదీ పుష్కలంగా లేని పల్లెలో. బావులు తవ్వడం అతని పని. మనిషి మీద మనిషి నిలబడ్డట్టు పది నిలువుల బండను తొలిచి, అడుగున దోసెడు ఊట మెరిస్తే ఏడ్చిన వాళ్ళను చూశాడు. అటువంటి మనిషి ముందు, ఎవరూ తవ్వకుండానే, ఎవరూ అడగకుండానే, ఆకాశం అంచు దాకా నీరు పరుచుకుని ఉంది.

"గీ బావి ఎవడు తొవ్విండే పౌలన్న?" అన్నాడు లచ్చిరాం. ఎవరూ నవ్వలేదు.

వాళ్ళను అక్కడికి తెచ్చినవాడు జగపతి. మానుకోట దిక్కు భూస్వాముల బిడ్డ. చదువుకునే రోజుల్లో అరవైతొమ్మిది ఉద్యమంలో తిరిగాడు, కొన్నాళ్ళు జైలు చూశాడు. తర్వాత కాంట్రాక్టులలోకి దిగాడు. విశాఖ దాటి భీమిలి పోయే బాటలో, ఒకప్పటి తెల్లదొర బంగళాను కొన్న సేటు దాన్ని పెద్ద హోటలుగా మారుస్తుంటే, అందులో మట్టి పని జగపతికి దక్కింది.

"పదేండ్ల కింద జై తెలంగాణ అనుకుంట రైలు పట్టాల మీద పండుకున్న," అన్నాడు అతను వాళ్ళను లోపలికి తీసుకుపోతూ. "ఇయ్యాల గీడ ఈతకొలను తొవ్విస్తున్న. ఊర్ల ఎవలికి చెప్పకుండ్రి."

"చెప్పినా ఎవలు నమ్ముతరు పటేలా," అన్నాడు పౌలు.

నిజంగానే నమ్మరు. పాత బంగళా నడుం పట్టుకుని కొత్త మేడ లేస్తున్నది, అంతస్తు మీద అంతస్తు. సముద్రం వైపు గోడలే లేవు, నిలువెత్తు అద్దాలు. గడ్డి పరిచిన పెట్టెలలో వందల గాజు బిందువులు నిద్రపోతున్నాయి. వాటన్నిటినీ కలిపి కట్టి దీపంగా వేలాడదీస్తారట. హాలులో పరిచిన చలువరాతిలో లచ్చిరాం తన ముఖం చూసుకుని, రుమాలు సరిచేసుకున్నాడు. ఆ రాతి మీద అడుగు పెట్టడానికి సత్తమ్మకు మనసు రాలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని అంచు వెంట నడిచింది, నిండిన చెరువు గట్టు మీద నడిచినట్టు.

"సముద్రం ఎదురుంగ పెట్టుకొని ఈతకొలను ఎందుకు పటేలా?" అంది.

"ఉప్పు నీళ్ళల్ల హోటలుకొచ్చేటోళ్ళు మునుగరట సత్తమ్మా."

"వాళ్ళేం ఊరవెట్టిన మామిడికాయలా, ఉప్పంటే భయపడనీకి?"

జగపతి పగలబడి నవ్వాడు.

కొలనుకు ముగ్గు పోసిన చోట, పిచ్చితీగల చాటున, వాళ్ళకు బావి కనిపించింది. రాతి కట్టడం. అలలు విరిగే చోటికీ దానికీ నడుమ ఒక పొలం గట్టంత దూరం లేదు. లోతు రెండు నిలువులు, అంతే. పౌలు బొక్కెన దించి చేదాడు. ఉమ్మివేయడానికి సిద్ధపడి, నోట్లో పోసుకున్నాడు.

నాలుక నమ్మలేదు. మళ్ళీ తాగాడు. తీపి. కొబ్బరినీళ్ళంత తేలిక. ఇటు కొన్ని అడుగుల దూరంలో ప్రపంచంలోని ఉప్పంతా ఊగుతున్నది. ఇక్కడ, ఆ ఉప్పు ఊపిరి తగిలే చోట, ఈ తీపి ఎవరి ధైర్యం? ఎవరికి తట్టింది ఇక్కడ తవ్వాలని?

"ఇసుకల వాన నీళ్ళు ఉప్పు నీళ్ళ మీద తేలుతయట. ఇంజనీరు చెప్పిండు," అన్నాడు జగపతి. పౌలు తలూపాడు. సంగతి తెలిసింది. ఆశ్చర్యం మాత్రం ఉన్నచోటనే ఉంది.

"ఆవలెల్లుండి పొద్దుగూకే వరకు దీన్ని పూడ్చాలె పౌలు. ఆ తెల్లారి కాంక్రీటు మిషిన్ వస్తది. సేటుకు మాటిచ్చిన."

పౌలు బొక్కెన కింద పెట్టాడు. "తొవ్వినోని పేరేంది పటేలా?"

జగపతికి ఆ ప్రశ్న అర్థమయింది. ఆ దిక్కున పెరిగినవాడు. బావిలో జల పడిననాడు తవ్వినవాడి పేరు అందులోకి ఒకసారి పిలుస్తారు. జల ఉన్న బావిని పూడ్చవలసి వస్తే, అదే పేరు మళ్ళీ పిలిచి సెలవు తీసుకుంటారు. సెలవు తీసుకోకుండా తట్టెడు మట్టి వేసినవాడికి, తన చేతి కింద నీరు పడదు. పౌలు ఆదివారం ప్రార్థనకు పోయే మనిషే. కానీ అది వేరు, ఇది వేరు. ఇది పనిముట్టుతో పాటు తండ్రి చేతి నుంచి వచ్చిన మాట. పైగా ఊళ్ళో అతని సొంత మెట్ట చెలకలో, సొంత బావి, సగం తవ్వి ఎండిన నోరు తెరుచుకుని ఉంది. రెండు వేసవులుగా అందులో తడి లేదు. ఆ అడుగున జల ఉందన్న ఆశ తప్ప పౌలుకు వేరే ఆస్తి లేదు.

"ఎవల్నన్న అడుగు. దొరికితే పిలువు," అన్నాడు జగపతి మెత్తగా. "దొరకకపోతే నన్నాగం చెయ్యకు. ఇక్కడి కూలీలను పిలిచి పూడ్పిస్త. నీ మనసు నొప్పియ్య. కని మీరంత ఊరికి పోవాల్సొస్తది. సేటు రెండు ముఠాలను ఉంచుకోనియ్యడు."

పేరు తెలిసిన మనిషి మర్నాడు తానే నడిచి వచ్చింది. నెత్తిన బిందె, నుదుట రూపాయంత బొట్టు, చేతులకు ఆకుపచ్చ గాజులు. ఎండుచేపలు అమ్ముకునే ముసలిది, పేరు నూకాలు. కంచె సందులోంచి దూరి తిన్నగా బావి దగ్గరికి వచ్చింది. రోజూ వచ్చే దారే కాబోలు.

"ఏటి బాబూ, మీదే ఊరు?"

"జనగామ దిక్కు, అవ్వ."

ఆమె బిందె దించి అతని ముఖంలోకి చూసింది. "ఆడూ ఇలాగే మాటాడేవోడు. రాయి కొట్టినట్టు."

"ఎవరవ్వ?"

"ఈ నుయ్యి తవ్వినోడు." నూకాలు గాజులు సవరించుకుంది. "నా మొగుడు."

పౌలు చేతిలోని పార కింద పెట్టాడు. దొరికింది. "ఏం పేరవ్వ తాతది?"

ముసలిది చీర చెంగుతో నోరు మూసుకుని నవ్వింది, కొత్త పెళ్ళికూతురిలా. "నానెలా సెప్తాను? మొగుడి పేరు."

"ఇంకెవలకన్న తెలుసా?"

"ఎవులికి తెలుస్తాది? అందరూ నూతోడు అనేవోరు. నిజాము దేశం నుంచొచ్చినోడి పేరు అడిగిందెవులు? నాకొక్కదానికే సెప్పినాడు."

లచ్చిరాం పలుగు ఆనించి ముందుకొచ్చాడు. "చెప్పద్దులే ముసలమ్మ. నేను చెప్త, నువ్వు తల ఊపు. కొమురయ్యనా? సాయిలా? ఐలయ్యనా?"

నూకాలు చప్పున రెండు చెవులూ మూసుకుని, ముఖం అటు తిప్పుకుంది. అసలు పేరు తగిలితే తన కళ్ళే చెప్పేస్తాయని భయపడినట్టు. బిందె అక్కడే వదిలేసి కంచె వైపు నడిచింది.

"నీ నోట్ల మన్నువడ," అంది సత్తమ్మ లచ్చిరాంతో. "పేర్లు సంతల కూరగాయలా, ఏరుకొనేటందుకు?"

బిందె నింపుకుని ఆమె ముసలిదాని వెంట పోయింది. పేరు ఎందుకు కావాలో ముసలిదానికి చెప్పి, చాలాసేపటికి తిరిగి వచ్చింది. భర్త పక్కన కూర్చుని సముద్రం వైపు చూస్తూ చెప్పింది.

"తెల్లదొర ఓడెక్కి పోయిన ఏడు, తాత గూడ ఊరికి పోయిండట. చెలకల బావి తొవ్వి వస్త అని. ఇంత వరకు రాలే. అవ్వ ఇంకా బొట్టు తియ్యలే, గాజులు తియ్యలే. పేరు నోట్లకెల్లి తీస్తె ఆయుష్షు తరుగుతదట. తియ్యకుంటె, ఏడనో ఒక తాన ఉన్నట్టే గద. నువ్వు అడగకు ఇగ."

పౌలు అడగలేదు. ఒక మనిషి ముప్పై ఏళ్ళుగా మూసి ఉంచిన నోటి వెనుక ఇంకొక మనిషి బతికి ఉన్నాడు. ఆ హోటలు అద్దాలకంటే, ఆ గాజు దీపం కంటే, ఎదుట ఊగుతున్న ఆ నీటికంటే అతనికి ఇదే పెద్దదిగా తోచింది. తన చెలకలోని బావి గుర్తొచ్చింది. దాని ఎండిన అడుగు గుర్తొచ్చింది. అయినా అడగలేకపోయాడు.

మూడోనాడు మధ్యాహ్నం జగపతి దగ్గరికి పోయి, "నాతోని గాదు పటేలా, వేరేటోళ్ళను పిలువు," అన్నాడు. జగపతి పొద్దు వైపు చూశాడు. "పొద్దుగూకేదాక ఆగుత," అన్నాడు.

పోయేముందు ముసలిదానికి చివరి బిందె నీళ్ళు తన చేత్తో అందించాలనిపించింది పౌలుకు. బొక్కెన తాడు ఎవరో పట్టుకుపోయారు. కట్టడంలోంచి పొడుచుకొచ్చిన మెట్టురాళ్ళ మీద కాళ్ళు మోపి కిందికి దిగాడు. దిగుతుంటే ఏమీ తెలియలేదు. నిండిన బిందె భుజాన పెట్టుకుని పైకి ఎక్కుతుంటే తెలిసింది. కుడికాలు ఎత్తే చోట మెట్టు పెద్దది. ఎడమకాలు ఎత్తే చోట చిన్నది. మళ్ళీ పెద్దది, మళ్ళీ చిన్నది. కుంటుతున్న నడక ఒకటి రాతిలో నిలిచిపోయి ఉంది. బావి నడుమ పౌలు ఆగిపోయాడు. తనకంటే ముందు ఎక్కిన మనిషి వీపు కనిపించినంత పని అయింది.

పైన నూకాలు కూర్చుని ఉంది, సత్తమ్మ పక్కన. పౌలు బిందె దించి, తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"తాతకు ఎడమకాలు సక్కగ లేకుండెనా అవ్వ?"

నూకాలు అదిరిపడింది. "నీకెవులు సెప్పినారు?"

"బావి చెప్పింది. తన కాలుకు సరిపడ కట్టుకున్నడు మెట్లు. ఇంకా గట్లనే ఉన్నయి."

ముసలిది లేచి, గట్టు పట్టుకుని లోపలికి వంగింది. ఒక్కొక్క రాయీ చూసింది, కళ్ళతోనే దిగుతున్నట్టు, కళ్ళతోనే ఎక్కుతున్నట్టు. ఎడమకాలు ఈడ్చుకుంటూ, నెత్తి మీద మట్టి తట్టతో, ఇసుక అంటిన కనుబొమలతో పైకి వచ్చే మనిషిని ఆమె చూస్తున్నదని పౌలుకూ సత్తమ్మకూ తెలుస్తున్నది.

"రేపు ఎవులో పూడ్సేత్తారు," అంది తల ఎత్తకుండానే.

"ఆఁ అవ్వ."

"పేరు పిలవకుండానే?"

"వాళ్ళకు గీ సంగతి తెల్వది."

"పిలిస్తే ఆడికి ఇనబడతాదా?"

అవునని చెప్పడం ఎంత తేలిక. "నాకు తెల్వదవ్వ. బావికైతే ఇనవడ్తది."

పొద్దు మేడ వెనక్కి ఒరుగుతున్నది. పైఅంతస్తు అద్దాలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. జగపతి దూరంగా వచ్చి నిలబడి చేతులు కట్టుకున్నాడు. లచ్చిరాం నెత్తి రుమాలు తీశాడు. నూకాలు ఆ ఎర్రటి వెలుగులో చేతి గాజులు ఒకసారి చూసుకుంది. సత్తమ్మ ఆమె భుజం పట్టుకుంది.

ముసలిది బావి మీదికి వంగింది. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. ఇంకా వంగింది. ఆ తియ్యటి నీటిలో ఆమె ముఖమూ, ముఖం వెనుక ఎర్రటి ఆకాశమూ వణుకుతూ కనిపించాయి. సముద్రం ఒక అలను వెనక్కి లాక్కుని, రెండోది ఎత్తకముందు ఊపిరి పట్టిన ఆ చిన్న నిశ్శబ్దంలో, ముప్పై ఏళ్ళ తర్వాత కాదు, పొద్దుటే పనికి పోయినవాడిని అన్నానికి పిలిచినంత మామూలుగా, ఆమె పిలిచింది.

"రాజమల్లూ."