బతికుండగా పాడిన శోకం

పేచ్చియమ్మాళ్ ఆ పొద్దున వాకిలి రెండోసారి ఊడ్చింది. మొదటిసారి ఊడ్చిన సంగతి మరిచి కాదు, చేతులు ఊరుకోక. పొయ్యి మీద గంజి పెట్టి దింపడం మరిచింది. అడుగంటిన వాసన వచ్చాక దింపి, తినకుండానే మూతపెట్టి, బుగ్గన శొంఠి ముక్క ఇరికించుకుని మళ్లీ వీధిలోకి వచ్చింది. సాత్తూరు బస్సు వచ్చి వెళ్లింది. దిగినవాళ్లలో ఆమెను పిలవడానికి వచ్చినవాళ్లు లేరు.

అరవై మూడేళ్ల పొట్టి మనిషి. మామూలుగా మాట్లాడితే గొంతు బొంగురు. చావింట్లో జుట్టు విప్పుకుని శోకం ఎత్తిందంటే మాత్రం మూడు వీధుల అవతల నీళ్లు మోసే ఆడవాళ్లు బిందెలు దించి నిలబడేవాళ్లు. నలభై ఏళ్లుగా రొమ్ము బాదుకున్న కుడి అరచెయ్యి ఎడమదానికన్నా వెడల్పు. చదువు లేదు. పాట ముందుగా కట్టుకుని వెళ్లదు. చావింటి పెరట్లో కూర్చుని ఆడవాళ్లను అడుగుతుంది: ఏం తినడం ఇష్టం, ఎవరితో మాటల్లేవు, ఏ పని సగంలో ఆగింది. ఆ జవాబులే పాట. ఒకసారి పాడింది మళ్లీ పాడదు. బతికున్న మనిషికి పాడటం అసలు లేదు.

చావు కబురు కోసం ఎదురుచూడటం ఆమెకు కొత్త కాదు. కానీ ఆరు రోజులుగా, మంచం పట్టిన చెల్లత్తాయి చావు కోసం ఎదురుచూస్తున్నందుకు తన మీద తనకే చిరాకుగా ఉంది. కబురు రాకపోతే బాగుండునని ఒకవైపు, తనకు చెప్పకుండానే కానిచ్చేస్తారేమోనని ఇంకోవైపు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు పోవాలో తెలియడం లేదు.

చెల్లత్తాయి పక్క ఊరి అగ్గిపెట్టెల కార్ఖానాలో బతుకంతా పెట్టెల మీద చీటీలంటించింది. చావులు లేని రోజుల్లో పేచ్చి కూడా ఆమె పక్కనే కూర్చుని అంటించేది. చెల్లత్తాయికి తొలిచూలు ఆడపిల్ల, పొన్నుత్తాయి. ఎనిమిదేళ్లకే తల్లి పక్కన కూర్చుని జిగురు రాసేది. పుల్లలను మందులో ముంచే గదిలో నిప్పు లేచిన రోజు, ఆ పిల్ల అక్కడివాళ్లకు టీ పట్టుకెళ్లింది, తిరిగి రాలేదు. చిన్నపిల్లకు శోకాలేమిటని మగవాళ్లు కసిరారు. పాట లేకుండానే ఎత్తుకుపోయారు. మూడేళ్లకు కొడుకు పుట్టాడు. ఆ ఇంట్లో ఆ పిల్ల పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఒకరోజు జిగురు చేతులతోనే చెల్లత్తాయి అంది: "నేను పోయినప్పుడు నువ్వే రావాలి పేచ్చీ. నా పేరు పక్కన దాని పేరు పాడు. వీధంతా వినాలి. నాకింకేం వద్దు."

నాలుగు నెలలుగా పేచ్చికి పిలుపులు తగ్గాయి. మైకుసెట్లు అద్దెకిచ్చే సుడలై తన ఫోనుకు, చనిపోయినవాళ్ల పేరు, వయసు, పిల్లలు, చేసిన పని చెబితే చాలు, అదే శోకం కట్టి ఆడగొంతుతో పాడుతోంది. పేచ్చి ఒకసారి వీధి మలుపులో నిలబడి తప్పు పట్టాలనే విన్నది. కళ్ల నీళ్లొచ్చాయి. దానితో మరీ కోపం వచ్చింది.

ఎండెక్కాక సుడలై టెంపో ఆమె ముందు ఆగింది. వెనక నల్ల స్పీకరు డబ్బాలు.

"ఏం పెద్దమ్మా, పొద్దుటి నుంచీ ఇక్కడే కాపలానా? రోడ్డునెవరూ ఎత్తుకుపోర్లే."

"ఎక్కడికిరా?"

సుడలై స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు. "చెల్లత్తాయి అత్త ఇంటికి."

"పోయిందా?"

"ఇంకా లేదు. కొడుకు పరమన్ తిరుప్పూరు నుంచి వచ్చేశాడు. డబ్బాలు ముందే కట్టి ఉంచమన్నాడు. పాట కూడా తయారు."

"నన్ను పిలవమన్నాడా?"

"అదడక్కు పెద్దమ్మా. ఈ ఫోను బస్సెక్కదు, టీ అడగదు, గొంతు పోదు. జనం ఇదే బాగుందంటే నేనేం చెయ్యను? రేపు ఎవడి ఫోన్లో వాడే కట్టుకుంటాడు. అప్పుడు నాకు కుర్చీలు అద్దెకిచ్చుకోవడమే మిగిలేది."

"అప్పుడు రా, ఇద్దరం కలిసి ఏడుద్దాం. ముందు తలుపు తియ్యి."

చెల్లత్తాయి ఇంటి ముందు పందిరి గుంజలు నాటుతున్నారు. పరమన్ ఆమెను చూసి, "రా అత్తా" అని, చూపు గుంజల మీదికి తిప్పుకున్నాడు. అతని భార్య మారీశ్వరి చెంబుతో నీళ్లిచ్చింది. పేచ్చి అరుగు మీద కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. సుడలై ఒకసారి వినిపించి చూద్దామని మీట నొక్కాడు. సన్నగా పెట్టాననే అనుకున్నాడు. పెద్ద డబ్బాకు తీగ తగిలించి ఉందన్నది మరిచాడు.

"చెల్లత్తాయీ, ఇంటికి దీపమైన తల్లీ... పరుషమాట పలకని తల్లీ... ఒక్కగానొక్క కొడుకును కన్న కడుపు చల్లని తల్లీ..."

తేనెలాంటి గొంతు. పందిరి గుంజలు అదిరాయి. ఎదురింటి కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

లోపలి నుంచి పీలగా వినిపించింది: "ఎవర్రా పోయింది?"

సుడలై తీగ పీకేశాడు. పరమన్ గుమ్మంలోకి పరుగెత్తాడు. "ఎవరూ పోలేదమ్మా, రేడియో."

"రేడియోలో నా పేరొచ్చింది. పరుషమాట పలకనిదాన్నట! మీ నాన్నుంటే పడీపడీ నవ్వేవాడు." దగ్గు తెర వచ్చి ఆగింది. "ఒక్కడే కొడుకంటుందేం? నేను కన్నది వాడొక్కణ్ణేనా? ఎవరు చెప్పారు దానికి?"

"నేనే అమ్మా."

మంచం నులక కిర్రుమంది. తర్వాత, "పేచ్చి వచ్చిందా? శొంఠి వాసనేస్తోంది."

నులకమంచం మీద చెల్లత్తాయి చీర మడతలా ఉంది. జిగురుకు అరిగి నున్నబడిన వేళ్లు మాత్రం ఇంకా పొడుగ్గా ఉన్నాయి. తల దగ్గర ఆకువక్క దంచుకునే చిన్న ఇనప రోలు.

"పాడు," అంది.

"బతికున్నవాళ్లకు పాడకూడదక్కా."

"ఆ డబ్బా పాడిందిగా! దానికి లేని పట్టింపు నీకెందుకు? నేను పోయాక నువ్వేం పాడావో నాకెవరొచ్చి చెబుతారు?"

మారీశ్వరి గుమ్మంలో బుగ్గలు నొక్కుకుంది. "అత్తా, ఇదేం అరిష్టం! ఇంట్లో పిల్లలు తిరుగుతున్నారు."

"ఇంతకంటే అరిష్టం వాకిట్లో కట్టారు కదే. తలుపెయ్యి. పేచ్చీ, అలాగే కాస్త ఆకు కూడా దంచు."

పేచ్చి, మారీశ్వరి వేసిన తలుపు దాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది. జుట్టు ముడి బిగించుకుంది. కాసేపు నిలబడి, ఆ ముడి తానే విప్పేసింది. నేల మీద కూర్చుని, ఆకు తుంచి రోట్లో వేసింది. చిన్నగా పాడటం ఆమెకు తెలియదు, అయినా తలుపు దాటనంతగా గొంతు అణిచింది. రొమ్ము బాదుకోవాల్సిన చేతికి చోటు దొరకలేదు. రోకలి దెబ్బనే తాళం చేసుకుంది.

"పదివేల పెట్టెలకు పేర్లంటించిన చేయీ, నీ పేరు ఏ పెట్టె మీదా లేదు తల్లీ... ఇద్దర్ని కన్నావు తల్లీ, ఒకరినే లెక్క చెప్పారు తల్లీ... ఎర్రగౌను వేసుకుని టీ పట్టుకెళ్లింది పొన్నుత్తాయి..."

"ఎర్రది కాదు. పచ్చది."

"ఎరుపైతే పాటకు బాగుంటుందక్కా."

"పచ్చదే. నేనే కుట్టా. నోటికొచ్చిన రంగు వెయ్యడానికి నువ్వూ ఆ డబ్బావేనా?"

పేచ్చి నవ్వింది. శోకం మధ్యలో నవ్వడం ఆమెకు అదే మొదలు. పచ్చగౌను అని మార్చి పాడింది. పిల్ల జిగురు వేళ్లు నాకేదని పాడింది. కార్ఖానా మేస్త్రీని చెల్లత్తాయి చీపురుతో తరిమిన సంగతి పాడింది. "రెండుసార్లు" అని మంచం మీంచి సవరింపు వచ్చింది. పొన్నుత్తాయి పేరు వచ్చినప్పుడల్లా నున్నటి వేళ్లు నులక మీద జిగురు రాస్తున్నట్టు కదిలాయి. మళ్లీ పేరు ఎత్తబోతూ నోటి అలవాటుకొద్దీ పేచ్చి ఎర్రగౌను అనేసింది. రోకలి ఆపింది. సవరింపు కోసం చూసింది.

మంచం మీంచి మాట రాలేదు.

తలుపు తీసింది. ఆమె ముఖం చూసి మారీశ్వరి కేక పెట్టింది. ఆడవాళ్లు వచ్చి భుజాలు పట్టుకుని గుండ్రంగా కూర్చున్నారు. ఎత్తుకో అన్నట్టు అందరూ పేచ్చి వైపు చూశారు. ఆమె నోరు తెరిచింది. గాలి వచ్చింది, పాట రాలేదు. పాట ఇవ్వాల్సిన మనిషికి ఇచ్చేసింది. వీధికి చెప్పాల్సిన మాట మాత్రం ఇంకా మిగిలే ఉంది.

లేచి పందిట్లోకి వచ్చింది. సుడలై తీగ చేత్తో పట్టుకుని తలవంచుకుని ఉన్నాడు.

"ఒరే, అందులో ఒక పేరు కలపాలి. అవుతుందా?"

"రెండు నిమిషాలు పెద్దమ్మా."

"పొన్నుత్తాయి. ఎనిమిదేళ్లు. పచ్చగౌను. ఎరుపు కాదు, పచ్చ. ఇద్దర్ని కన్న తల్లి అని మొదటే రావాలి."

పరమన్ దగ్గరికి వచ్చాడు. "ఎవరత్తా అది?"

"మీ అక్క."

అతను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.

డబ్బాలు పాడాయి. విరవకూడని చోట పేరు విరిచి, తియ్యటి గొంతు పొన్నుత్తాయిని వీధంతటికీ వినిపించింది. పంపు దగ్గర ముసలమ్మ ఒకతె బిందె దించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పేరు పేచ్చి ఇచ్చిందని వీధిలో ఎవరికీ తెలియదు. పేచ్చి జుట్టు ముడేసుకుంది. పాట అయిపోయి మళ్లీ మొదటి నుంచి అదే మాట, అదే ఏడుపుతో ఎత్తుకుంది. రెండోసారి వినడానికి ఆమె ఆగలేదు. బస్సు కోసం కూడా ఆగకుండా ఎండలో నడిచిపోయింది.

ఖాళీ చేసిన గదిలో, మంచం తీసేసిన చోట, ఇనప రోలు ఒక్కటే ఉంది. నిలబడ్డ రోకలి కింద, సగం నలిగిన ఆకు ఇంకా పచ్చగానే ఉంది.