స్పెయిన్ సత్రానికి రెండు తాళాలు

విశ్వనాథం ఫోన్లో "నైట్స్ లాడ్జి" అన్నాడు. ఆయన మనసులో ఉన్నది గుర్రాలెక్కి కత్తి తిప్పిన పాతకాలపు యూరప్ వీరులు. సెరంగూన్‌లో వాళ్లుండే కాండో అపార్ట్‌మెంట్ల తెలుగు సంఘానికి అధ్యక్షుడైన పెద్దిరాజు మాత్రం తాను విన్నది విన్నట్టు వాట్సాప్‌లో పెట్టేశాడు: "ఆదివారం ఫంక్షన్ రూములో ప్రసంగం. అంశం: పాత నైట్ లాడ్జి, దాని చరిత్ర, లోపలి ఏర్పాట్లు. వక్తకు స్వానుభవం ఉంది. తర్వాత బిర్యానీ."

సంఘం చరిత్రలో ఏ ప్రసంగానికీ రానంత స్పందన వచ్చింది. మగవాళ్లంతా బొటనవేళ్లెత్తారు. ఆడవాళ్లెవరూ ఏమీ ఎత్తలేదు. విశ్వనాథం భార్య సత్యవాణి మాత్రం ఇంట్లో ఆ ప్రస్తావన ఎత్తింది.

"లిఫ్టులో అందరూ నాకేసి జాలిగా చూస్తున్నారండీ. ఏం చేశారు మీరు?"

"అట్టబొమ్మ చేశాను."

అది నిజమే. ఆర్కిటెక్టుగా రిటైరయ్యాక ఆయన కొరియర్ పెట్టెలు కోసి, గ్రీసులోని రోడ్స్ దీవిలో ఉన్న స్పెయిన్ వీరుల సత్రాన్ని అట్టతో అట్టహాసంగా కట్టాడు. ముంగిట్లో బావి కోసం సత్యవాణి ఇంగువడబ్బా తీసుకున్నాడు. సత్రం వచ్చి డైనింగ్ టేబుల్ మీద దిగినప్పటినుంచి మొగుడూ పెళ్లాం సోఫాలో కూర్చుని, కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు.

"సోమవారం మా అన్నయ్యావాళ్లు వస్తున్నారు. ఆదివారం దాన్నెవరైనా పట్టుకుపోతే సరే. లేకపోతే చెత్త గొట్టంలోకే. ముక్కలు నేనే చేస్తాను, మీరు శ్రమపడక్కర్లేదు," అంది సత్యవాణి.

దాంతో ప్రసంగం కాస్తా స్వయంవరమైంది. ఎవరో ఒకరు మనసుపడి సత్రాన్ని చేపట్టాలి.

ఆదివారం గది నిండింది, రెండు పక్షాలుగా. ఉగాది పచ్చడిలో అరటిపండు వేయాలా వద్దా అన్న దగ్గర సంఘం ఎప్పుడో చీలింది. ఎడమవైపు పెద్దిరాజు సంఘం, కుడివైపు గోపీకృష్ణ సంఘం. ఆడవాళ్లు మగవాళ్లను ఓ కంట కనిపెట్టడానికి వచ్చారు. వెనక వరసలో క్రాంజీలోని కార్మికుల డార్మిటరీ నుంచి బస్సెక్కి వచ్చిన మారయ్య కూర్చున్నాడు. మెసేజ్ అంత దూరం పాకింది.

విశ్వనాథం బొమ్మ మీద గుడ్డ తీశాడు. "ఇది కింది అంతస్తు. రాతి కమాన్లు, సామాను కొట్లు. ఇక్కడెవరూ పడుకోరు."

గదిలో చిన్న నిరాశ.

"ముంగిట్లోంచి ఆరుబయటే మెట్లు. ఎక్కితే పెద్ద హాలు. అందరూ కలిసి తినేది అక్కడే."

"తిన్నాక?" అన్నారెవరో.

"ప్రార్థనకి వెళ్తారు."

నిరాశ పెద్దదైంది. గోడ మీద చెక్కిన వంశముద్రల దగ్గరికొచ్చేసరికి ఇద్దరు బిర్యానీ వైపు జరిగారు. సత్యవాణి చెత్త గొట్టం ఎటుందో గుర్తు చేసుకుంటున్నట్టు తలుపు వైపు చూసింది.

"ఒక్కో భాషవాళ్లకి ఒక్కో సత్రం," అన్నాడు విశ్వనాథం. "ఆ జట్లను నాలుకలనేవాళ్లు."

"మా డార్మిటరీ లెక్కనే సార్. తెలుగోళ్లకో రూము, తమిళోళ్లకో రూము," అన్నాడు మారయ్య.

"పద్నాలుగు వందల అరవై రెండులో స్పెయిన్ నాలుక రెండుగా చీలింది. అరగాన్ రాజ్యంవాళ్లు ఒకటి, కాస్టీల్ రాజ్యంవాళ్లు ఒకటి."

బిర్యానీ వైపు జరిగినవాళ్లు వెనక్కొచ్చారు.

"ఎందుకు చీలింది?" అన్నాడు గోపీకృష్ణ.

"పదవుల దగ్గర పేచీ."

"అధ్యక్షుడు దిగనని ఉంటాడు."

"ఇక్కడి విషయాలు ఎందుకండీ ఇప్పుడు," అన్నాడు పెద్దిరాజు.

"నేనన్నది అరగాన్ గురించి. రెండు నాలుకల ధోరణి ఆనాడే ఉందన్నమాట."

"సరే, సత్రం ఎవరికొచ్చింది?" అని రెండు వైపుల నుంచీ ఒకేసారి అడిగారు.

విశ్వనాథం ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక కట్టడం గురించి ఎవరూ ఇంత ఆత్రంగా అడగలేదు. "ఇవాళ్టికీ దాన్ని స్పెయిన్ సత్రమనే అంటారు," అన్నాడు.

"అంటే తేల్లేదు," అన్నాడు గోపీకృష్ణ. "బొమ్మ మాకివ్వండి బాబాయ్. విడిపోయినవాళ్ల బాధ మాకు తెలుసు."

"విడగొట్టినవాళ్లకెలా ఇస్తారు? అసలు సంఘం మాది," అన్నాడు పెద్దిరాజు.

ఒక్కడూ రాడనుకున్న స్వయంవరానికి ఇద్దరొచ్చారు.

"చెరి సగం కోసుకోండి, కత్తెరుంది," అంది సత్యవాణి. "ఇంగువడబ్బా మాత్రం నాది."

విశ్వనాథం బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "కొయ్యను. భాష చీలినా ఇల్లు చీలలేదు. ఈ గదిలో పోటీల్లో గెలిచిన కప్పులు పెట్టే అద్దాల బీరువా ఉందిగా, అందులో ఉంటుంది. గది ఇద్దరిదీ."

ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు, అవతలివాడి ఇంటికి పోనందుకు. ఒప్పుకుని ఇళ్లకి పరిగెత్తి చెరో తాళం తెచ్చి వేశారు. ఆ హడావిడిలో ఇంగువడబ్బా లోపలే ఉండిపోయింది. ఇక సత్యవాణి సాంబారు పెట్టాలంటే రెండు సంఘాలూ తీర్మానం చెయ్యాలి.

అప్పుడు మారయ్య లేచాడు. "అంతా మంచిగుంది సార్. నైట్‌కి ఎంత తీసుకుంటరు? మెసేజ్‌ల నైట్ లాడ్జి అని ఉంటే, మా బావమరిది వస్తడు గదా అని అడుగుదామనొచ్చిన."

అందరూ పెద్దిరాజు వైపు చూశారు. ఆయన మైకు అందుకున్నాడు.

"వారు చెప్పింది కత్తి పట్టిన నైటు. నేను విన్నది చీకటి పడే నైటు. ఇంగ్లిషులో ఆ వీరుడి నైటుకి ముందు ఒక కే అక్షరం ఉంటుంది. అది ఉంటుంది గానీ నోరెత్తదు. అందుచేత నాకు వినబడలేదు. స్వానుభవం అన్నది వారు ఆ ఊరు చూసొచ్చారని."

"ఈసారి అధ్యక్షుడిగా ఆ కేని పెట్టుకుందాం," అన్నాడు గోపీకృష్ణ.

సత్యవాణి ఆడవాళ్ల వైపు తిరిగింది. "విన్నారుగా. లిఫ్టులో కూడా చెప్పండి."