పంది కాళ్ల దగ్గర హంసపాదు

నేను ఒక కంచు పతకాన్ని. అరచేతిలో ఇమిడే ఒళ్లు, ఒళ్లంతా గర్వం. ఏటా దేశంలో మేలైన చరిత్ర పుస్తకానికిచ్చే జాతీయ బహుమతిని నేనే. మా వంశంలో ప్రతివారి ముఖం మీదా ఆ ఏటి పుస్తకానికి తగిన బొమ్మ ఉంటుంది. నా ముఖం మీద ఓ పంది ఉంది. ఆదిలోనే హంసపాదు అంటారే, అదీ నా పుట్టుక.

పాపం, ఢిల్లీ శిల్పిని అని లాభం లేదు. తెలుగు రాని ఆ మనిషికి ఎవరో ఫోనులో పుస్తకం సారాంశం చెప్పారు: తుమ్మెదపాడు శాసనంలో రాజు గుడికిచ్చింది పంది కాదని. "కాదు" అన్న ముక్క ఆయన చెవిన పడలేదు. పందిని మాత్రం ముచ్చటగా చెక్కాడు, తోకకు సుడి కూడా మరిచిపోలేదు.

అసలు ఆ రాతి మీద ఉన్నది "పందుం" నేల. అంటే పది తూముల గింజలు చల్లేంత పొలం. రాయి అరిగిపోవడంతో ఒకప్పటి పండితుడొకాయన దాన్ని "పంది" అని చదివి అచ్చేయించాడు. అప్పట్నుంచీ చుట్టుపక్కల ఊళ్లకు తుమ్మెదపాడు వాళ్లు "పందిదానం వాళ్లు" అయిపోయారు. వియ్యాలవారి వేళాకోళానికి జడిసి, శుభలేఖల్లో "పెళ్లి పందిరి" అని వేయించడం కూడా మానేశారట!

రిటైరైన లెక్చరర్ మేడిచర్ల పద్మాక్షి ఎండనక వాననక ఆ రాయి ముందు కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, పుస్తకం రాసి ఆ మచ్చ మాపింది. తీరా వేదిక మీద నన్ను అందుకుని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. ఆఫీసువాళ్లు నొచ్చుకుని, వెనక్కి పంపితే కరిగించి కొత్తది పోయిస్తామన్నారు. పుట్టీ పుట్టగానే మళ్లీ కొలిమికా! నాకు నిజంగా భయమేసింది.

ఈలోగా తుమ్మెదపాడులో సన్మానం పెట్టారు. పక్క ఊళ్ల వాళ్లనీ పనిగట్టుకుని పిలిచారు. పద్మాక్షి నన్ను సంచి అడుగున దాచింది. కానీ ఆవిడ రాయి దగ్గర పని చేసినన్నాళ్లూ మజ్జిగ పోసిన నరసమ్మ ఊరుకుంటుందా?

"ఏదమ్మా, మన బిళ్ల చూపియ్యి!"

నన్ను బయటికి తీయక తప్పలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పద్మాక్షికి కళ్లనీళ్లు తిరిగాయి.

"రేపే పంపించేస్తాను పెద్దమ్మా. కరిగించేస్తారు."

"కరిగిస్తే ఏమొచ్చిద్ది? అంత పుస్తకం రాసినా చెవిన పడేసరికి పందే అయింది గదా. రేపు ఇంకొకడికీ అట్టాగే వినపడిద్ది. దిద్దు తల్లీ. దిద్దినట్టు నలుగురికీ కనపడాలి."

పద్మాక్షి పకపకా నవ్వింది. తాటాకు మీద అక్షరం జారిపోతే, అక్కడ హంసపాదు గుర్తు వేసి పైన ఆ అక్షరం రాయడం పాత వాడుక. కంసాలి వీరాచారిని పిలిపించి, పంది కాళ్ల దగ్గర హంసపాదు, వీపు మీద "పందుం" చెక్కించింది. నొప్పి పుట్టింది, అబద్ధమెందుకు? అయినా కొలిమి తప్పిందన్న సంతోషం ముందు అదెంత!

ఇప్పుడు ఊరి గ్రంథాలయంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. నవ్వడానికి వచ్చినవాళ్లు పంది కాళ్ల దగ్గర ఆ గీతలేమిటని అడుగుతారు. ఊళ్లో ఎవరిని అడిగినా కథంతా మొదట్నుంచీ చెప్పందే వదలరు. నా తోటి పతకాలు ఎవరెవరి బీరువాల్లోనో మచ్చ లేకుండా మెరుస్తున్నాయట. వాటిని పలకరించేవాళ్లే లేరు.

మొన్న నరసమ్మ మనవరాలికి పెళ్లి కుదిరింది. మొదటి శుభలేఖ తెచ్చి నా పెట్టె మీద పెట్టారు. అందులో "పెళ్లి పందిరి" అని ఇంతింత అక్షరాలతో వేయించారు.