చెప్పని ఆముదం

డాక్టరుగారు అడిగింది ఒక్కటే ముక్క. "పిల్లకి విరేచనాలయ్యే మందేమైనా పట్టారా అమ్మా?"

"నేదు బాబూ, ఏటీ నేదు" అంది గున్నమ్మ, కన్నైనా ఆర్పకుండా.

వెనక నిలబడ్డ కోడలు కూర్మమ్మ చటుక్కున అత్తకేసి చూసింది. ఎంత అబద్ధం! నిన్న తన తొమ్మిదేళ్ల కూతురు నీలవేణి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ముక్కు మూసి గిద్దెడు ఆముదం పట్టించింది ఈ గున్నమ్మే. రాత్రంతా పిల్లకి విరేచనాలే. ఆ ఇంట్లో కడుపుకి ఏమొచ్చినా అదే మందు. గజపతినగరంలో విజయనగరం బస్సెక్కుతూ కోడల్ని హెచ్చరించింది కూడా. "ఆముదం మాటెత్తకే. డాట్రుబాబు తిట్టి మన పిల్లగుంటని సూడడు."

అత్త మాట్లాడుతుండగా కోడలు నోరు విప్పడం ఆ ఇంట్లో లేదు.

డాక్టరుగారు పొట్ట నొక్కారు. కుడివైపు నొక్కితే పిల్ల ఏడ్చింది, ఎడమవైపు నొక్కినా ఏడ్చింది. "అపెండిసైటిస్ అని అనుమానంగా ఉంది. కానీ మందు పట్టకుండానే ఇన్ని విరేచనాలంటే వేరే జబ్బూ కావచ్చు. రక్తం చూద్దాం" అన్నారు. రక్తపరీక్షల వేంకటాచలం పిల్ల వేలు పొడిచి చుక్క పట్టుకెళ్లాడు. గంటకి చీటీ వచ్చింది, తెల్లకణాలు తొమ్మిది వేలని.

"ఇది మామూలే. పేగు వాస్తే పెరగాలి. ఒక్కోసారి ఆలస్యంగా పెరుగుతాయి. మధ్యాహ్నం మళ్లీ చూసి, అప్పుడు కోత సంగతి ఆలోచిద్దాం" అన్నారు డాక్టరుగారు.

ఆయన అటు వెళ్లగానే కూర్మమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. "సెప్పీద్దామత్తా."

"నోర్ముయ్యే! రక్తమే సెప్పీసినాది కదా, ఇంక నువ్వేటి సెప్తావు?"

నిజమే కాబోలనుకుంది పిచ్చిది. వేంకటాచలం మళ్లీ వచ్చి వేలు పొడిచి వెళ్లిన కాసేపటికి నీలవేణి మూలగడం ఆపేసింది. "అమ్మా, నొప్పి పోనాదే" అంది. కూర్మమ్మ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. గున్నమ్మ కోడలి చెవిలో, "సూసినావా మరి, నా ఆముదం!" అని గర్వంగా నవ్వింది. కూర్మమ్మ కూతురి చిక్కుపడ్డ జుట్టు విప్పి దువ్వుతూ కూర్చుంది.

రెండో చీటీ పట్టుకుని డాక్టరుగారు పరుగున వచ్చారు. ఇరవై ఒక్కవేలు. పొట్ట మీద చెయ్యి వేశారు. చెక్కలా బిగుసుకుపోయి ఉంది.

"నొప్పి ఎప్పుడు తగ్గింది?"

"ఇందాకే బాబూ, ఒక్కసారిగా పోనాది!" అంది కూర్మమ్మ సంతోషంగా.

ఆయన స్ట్రెచర్ తెమ్మని కేకేశారు. "అయ్యో తల్లీ, తగ్గడం కాదది. లోపల వాచిన పేగు పగిలిపోయింది."

కూర్మమ్మ ఆయన కాళ్ల మీద పడింది. "ఆముదం పట్టించీసినాం బాబూ! నిన్ననే పట్టించీసినాం!"

డాక్టరుగారు ఆమెని లేవనెత్తారు. "పొద్దున ఈ మాట చెప్పి ఉంటే విరేచనాలు ఆముదం వల్లేనని తెలిసేది, చీటీ కోసం ఆగేవాణ్ని కాదమ్మా" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

గున్నమ్మ గోడవారగా కూలబడిపోయింది. స్ట్రెచర్ కదిలింది. కూర్మమ్మ పక్కనే పరుగెత్తింది. ఆపరేషన్ గది గుమ్మం దగ్గర నర్సు ఆమెని ఆపేసింది.

"అమ్మా, నొప్పి నేదని సెప్పవే!" లోపల్నుంచి నీలవేణి అరుస్తోంది. "కొయ్యొద్దని సెప్పవే అమ్మా!"