మీటరు తిరిగిన రాత్రి

ధర్మరాజు తాళంచెవి తిప్పాడు. ట్రాక్టరు పలకలేదు. మళ్లీ తిప్పాడు. ఇంజను మూలగనైనా లేదు. డాష్‌బోర్డు మీద ఒక్క దీపమూ వెలగలేదు. సీటు మీంచి ముందుకు వంగి, మీటరు అద్దం మీద పట్టిన మంచు తడిని బొటనవేలితో తుడిచి అంకెలు చదివాడు. చదివి, కిందికి దిగి, మడ్‌గార్డు లోపలివైపు తను నిన్న సాయంత్రం సుద్దముక్కతో రాసుకున్న అంకె చూశాడు. మళ్లీ పైకెక్కి మీటరు చూశాడు.

నిన్న సాయంత్రం మూడువేల నూట ఎనభై నాలుగు. ఇప్పుడు మూడువేల నూట తొంభై మూడు. రాత్రికి రాత్రి తొమ్మిది గంటలు.

ట్రాక్టరు వాడకాన్ని కిలోమీటర్లలో చెప్పరు, గంటల్లో చెబుతారు. ఎన్ని గంటలకి ఆయిలు మార్చాలో, ఎన్ని గంటలకి ఫిల్టరు మార్చాలో ఆ మీటరే చెబుతుంది. రెండు నెలలుగా ఆ మీటరు ధర్మరాజుకి ఇంకో సంగతి కూడా చెబుతోంది. సాయంత్రం బండి నిలిపినప్పటి అంకెకీ, పొద్దున్న తీసినప్పటి అంకెకీ తేడా వస్తోంది. ఒకరోజు పావుగంట, ఒకరోజు ఇరవై నిమిషాలు. తను లేనప్పుడు తన బండిని ఎవరో వాడుతున్నారు. ఆ ఎవరో ఎవరన్నది కూడా కష్టమైన ప్రశ్న కాదు. బండి ఉండేది జ్ఞానరత్నం ఇంటి ఆవరణలో. రెండో తాళంచెవి ఉండేది జ్ఞానరత్నం దగ్గర.

అతను డీజిలు టాంకు మూత తీసి పుల్ల ముంచి చూశాడు. నిన్నటి మట్టమే. బానెట్ మీద చెయ్యి వేశాడు. చల్లగా, మంచుకి తడిసి ఉంది. చక్రాలకి నిన్న కద్మాలో మట్టి తోలినప్పుడు అంటిన ఎర్రమట్టి ఎండిపోయి అలాగే ఉంది. ఇంకొకడైతే అక్కడితో ఊరుకునేవాడు. ధర్మరాజు ఊరుకోలేదు. వాడుకున్నంత డీజిలు తిరిగి పోసి ఉంటారు. బానెట్ మీద నీళ్లు కొట్టి చల్లార్చి ఉంటారు. చక్రాలకి ఏ మట్టి పులమాలో కూడా చూసుకునే పులిమి ఉంటారు. ఇంత జాగ్రత్తగా చేశారంటే చేసినవాడు బండి సంగతి బాగా తెలిసినవాడే.

ధర్మరాజుకి అరవై ఒకటి. పొట్టి మనిషి, చిన్న బండికి తగ్గ మనిషి అంటారు వాళ్ల పేట సీతారాండేరాలో. పాలు పోయించుకున్నాక గిన్నె వాసన చూస్తాడు. ఆటో ఎక్కితే దారి పొడుగునా డ్రైవరు ఎటు తిప్పుతున్నాడో చూస్తూ కూర్చుంటాడు. కూతురి పెళ్లిలో వంటవాళ్ల వెనక తిరిగి తిరిగి కన్యాదానం వేళకి పందిట్లో లేకుండా పోయాడు. అతని భార్య సూరమ్మ దీనికి ఎప్పుడో అలవాటుపడిపోయింది. "ఉప్పు ఏసేను, నేకపోతే ఉప్పని సెప్పి పంచదార ఏసేనేమో సూసుకో" అంటూ కంచం ముందు పెడుతుంది. ఈ బుద్ధికి కారణం ఏమిటని ఎవరూ అడగరు. పుట్టుమచ్చకి కారణం ఉంటుందా?

ఇంత అనుమానం మనిషీ, ఈ రెండు నెలల ముందు దాకా, ముప్ఫై ఏళ్లలో ఒక్కరిని మాత్రం అనుమానించలేదు. ఆ ఒక్కడూ జ్ఞానరత్నం.

ఇద్దరూ ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద మట్టి తోలే పనిలో కలిశారు. జ్ఞానరత్నం కాకినాడ వైపు నుంచి వచ్చినవాడు, డంపరు డ్రైవరు. ధర్మరాజు ఇచ్ఛాపురం అవతలి పల్లె నుంచి వచ్చిన ఖలాసీ. బండి కడిగేవాడికి స్టీరింగు ఇచ్చి నేర్పినవాడు జ్ఞానరత్నం. మధ్యాహ్నం డంపరు నీడలో ఒక్క టిఫిను డబ్బాలోనే ఇద్దరూ తినేవాళ్లు. ఆ డబ్బాలోది మాత్రం ధర్మరాజు ఏనాడూ వాసన చూసి తినలేదు. పని మానేశాక, ఎనిమిదేళ్ల కిందట, చెరిసగం వేసుకుని ఈ చిన్న ట్రాక్టరు కొన్నారు. పెద్ద ట్రాక్టర్లు దూరని సందుల్లోకి ఇది దూరుతుంది. కూల్చిన గోడల పెళ్లలు, ఇసుక, ఇటుక, ఛఠ్ పండక్కి నది ఒడ్డు చదును, క్రిస్మస్‌కి చర్చి వాళ్ల పందిరి సామాను, అన్నీ దీనిమీదే. ఏడాది కిందట షుగరు వల్ల కళ్లు మసకలేస్తున్నాయని జ్ఞానరత్నం తోలడం మానేశాడు. అప్పట్నుంచీ ధర్మరాజు ఒక్కడే తోలుతున్నాడు.

రెండు నెలల కిందటి వరకూ బండి పెట్టాక వరండాలో కూర్చుని టీ తాగి వెళ్లేవాడు. మీటరులో తేడా కనిపించినప్పటి నుంచీ కూర్చోవడం మానేశాడు. బండి పెట్టడం, అంకె రాసుకోవడం, పోవడం.

"రత్నం అన్నా!" అని కేకేశాడు ఇప్పుడు.

జ్ఞానరత్నం గుమ్మం పట్టుకుని వచ్చాడు. పొడుగాటి మనిషి, నడుం కొంచెం వంగింది. అతని వెనక వరండాలో రెండు సంచులు, ఒక సూట్‌కేసు సర్ది ఉన్నాయి. ఖరగ్‌పూర్‌లో టీచరు పని చేస్తున్న కూతురు మోనికా అతన్ని తీసుకుపోవడానికి మూడు రోజుల కిందట వచ్చింది. ఈవేళ మధ్యాహ్నం రైలుకి ప్రయాణం. కళ్లు చూపించాలి, ఇక నా దగ్గరే ఉంచుకుంటాను అని చెప్పింది. మసకకి ఊరు విడిచి పోవాలా అని ధర్మరాజుకి అప్పుడే అనుమానం వచ్చింది.

"ఏంట్రా రాజూ, ఇంకా బండి తియ్యలేదేం?" అన్నాడు జ్ఞానరత్నం.

"తియ్యడానికేటుంది? బేటరీ సచ్చిపోనాది. మీటరు తొమ్మిది గంటలు తిరిగింది. రేతిరి బండి ఎవుడు తోలేడు?"

"ఎవరూ తోలలేదు."

"మరి మీటరు దానంతటదే తిరిగిపోనాదా?"

"నేనే కాసేపు ఎక్కి కూర్చున్నానురా. ఉత్తినే. ఇవాళ వెళ్లిపోతున్నాను కదా అని."

"తొమ్మిది గంటలు ఉత్తినే కూకున్నావా?"

జ్ఞానరత్నం చూపు ధర్మరాజు భుజం మీదుగా ఎక్కడో గేటు వైపు పోయింది. మొహంలోకి చూడలేకపోతున్నాడు, తప్పు చేసినవాడు ఎవడు చూడగలడు, అనుకున్నాడు ధర్మరాజు. ఇన్నాళ్లూ సుద్దముక్కతో అంకెలు రాసుకున్నా, ఎక్కడో ఒక మూల ఇది అబద్ధమైతే బాగుండునని ఉండేది. ఇప్పుడు ఆ మూల కూడా ఖాళీ అయిపోయింది.

"నీ కాడున్న తాళం ఇటియ్యి" అన్నాడు.

జ్ఞానరత్నం జేబులోంచి తాళంచెవి తీసి చాచాడు. ధర్మరాజు చెయ్యి ఒకచోట ఉంటే అతను చాచింది మరోచోట. ఇవ్వడానికి కూడా మనసు రావడం లేదన్నమాట. ధర్మరాజు దాన్ని లాక్కున్నాడు.

"అంకుల్, పాపాసే ఐసే బాత్ మత్ కీజియే" అంది మోనికా లోపల్నుంచి వస్తూ. నాన్నతో అలా మాట్లాడొద్దని ఆమె హిందీలో అంటే అతను తెలుగులో, "నువ్వు సదుంకున్నదానివి, నీకు తెల్దులే" అన్నాడు. స్పానరు తీసి బాటరీ విప్పుకున్నాడు. కద్మాలో పని ఇచ్చినవాళ్లకి ఫోను చేసి ఈవేళ మట్టి ఎత్తడానికి రాలేనన్నాడు. బాటరీని గోనె సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాడు. వెళ్లొస్తాననీ అనలేదు, వెళ్లిరమ్మనీ అనలేదు. వీధి మలుపు తిరిగేదాకా వెనక నుంచి ఎవరూ పిలవలేదు కూడా.

సాక్చి బజారులో మురళి బాటరీల దుకాణం. బాటరీ బాగానే ఉంది, ఛార్జి పూర్తిగా దిగిపోయింది, ఆరు గంటలు పెట్టాలి, మూడింటికి రమ్మన్నాడు మురళి. ధర్మరాజు కదల్లేదు. ఛార్జికి ఇచ్చిన బాటరీని మార్చేసి పాతది అంటగట్టే దుకాణాలు ఉంటాయని అతను విన్నాడు. మేకుతో బాటరీ అడుగున ఒక గీత గీసుకున్నాడు. అది చాలదనిపించి స్టూలు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

తొమ్మిదైంది, పదకొండైంది. రిక్షాలు, ఆటోలు, మూటలు మోసేవాళ్లు దుకాణం ముందు నుంచి పోతూనే ఉన్నారు. ఒంటిగంటకి మురళి రొట్టె తింటూ, "ఇంటికెల్లి తినొచ్చీ చాచా, నీ బేటరీ ఎక్కడికీ పారిపోదు" అన్నాడు. ధర్మరాజుకి ఆకలిగానే ఉంది. ఈపాటికి వాళ్లు స్టేషనుకి బయల్దేరుతూ ఉంటారనీ అనిపించింది. ఇప్పుడు లేస్తే అందుకోవచ్చు. అందుకుని ఏమనాలి? ముప్ఫై ఏళ్ల స్నేహితుడు మోసం చేసి పోతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపాలా? కూర్చున్నాడు. రెండున్నర అయినప్పుడు గోడ గడియారం వైపు ఒకసారి చూసి, చూడనట్టు బాటరీ వైపు తిరిగాడు.

మూడింటికి మురళి బాటరీ విప్పుతూ అడిగాడు. "ఎలగ దిగిపోనాది చాచా? లైటు ఏసి వొగ్గేసేవా?"

"లైటేటి? రేతిరంతా ఎవుడో తోలేడు. మీటరు తొమ్మిది గంటలు తిరిగింది."

మురళి నవ్వాడు. "తోల్తే బేటరీ ఎక్కుద్ది గానీ దిగుద్దా? నీ బండి మీటరు కరెంటుది. తాళం ఆన్‌లో ఉంటే సాలు, ఇంజను నేకపోయినా తిరుగుతాది."

"తాళం ఊడదీసే ఉంది. నాను పొద్దున్న పెట్టేను గదా."

"స్విచ్చి పాతదేనా? అరిగిపోయుంటది. అరిగిపోతే తాళం ఆన్‌లో కూడా ఊడొచ్చేత్తది. ఎవరో తాళం పెట్టేరు, సరిగ్గా ఆపకుండా లాగేసేరు. కానీ ఎర్ర లైటు ఎలుగుతానే ఉంటది గదా. సీకట్లో ఇంకా బాగా కనపడతది. కళ్లున్నోడెవుడూ అలగ వొగ్గేసి ఎల్డు."

ధర్మరాజు బాటరీ అడుగున గీత ఉందో లేదో చూడకుండానే సంచిలో పెట్టుకున్నాడు.

ఆవరణలో ఎవరూ లేరు. తలుపుకి తాళం వేసి ఉంది. పక్కింటి కస్తూరమ్మ బట్టలు తీస్తూ గోడ మీంచి చెప్పింది. "ఎల్లిపోనారు. గేటు కాడ కుర్సీ ఏయించుకుని నీ కోసరం సేనాసేపు కూకున్నాడు. ఏ ఆటో సప్పుడైనా 'రాజేనా?' అని అడిగేడు. ఆఖరికి బూట్లేసుకుని పోనాడు, సెప్పొకటి దొరకనేదంట. ఇల్లంతా ఎతికేరు."

ధర్మరాజు తలూపి ట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు. బాటరీ బిగించాడు. సీటెక్కి తాళంచెవి తిప్పాడు, ఇంజను స్టార్టు చేయలేదు. ఎర్ర దీపం వెలిగింది. గంటలో పదో వంతు చూపించే మీటరు చివరి అంకె మీదే కళ్లు పెట్టి కూర్చున్నాడు. ఆరు నిమిషాలకి ఆ అంకె మెల్లిగా దొర్లి, తర్వాతి అంకె వచ్చి నిలబడింది. ఇంజను చప్పుడు లేదు, డీజిలు ఖర్చు లేదు. ఉత్తినే.

అతను కళ్లు మూసుకుని తాళంచెవిని సగం వెనక్కి తిప్పి లాగాడు. ఊడి వచ్చింది. ఆగిపోయిందనే అనిపించింది చేతికి. కళ్లు తెరిచాడు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

మోనికాకి ఫోను చేశాడు. రైలు చప్పుడులో ఆమె, నాన్న నిద్రపోతున్నారని హిందీలో చెప్పింది.

"నేపకమ్మా. ఒకటే సెప్పు. ఎన్నాళ్లయింది నాన్నకి బొత్తిగా కనపడక?"

"మీకు తెలీదా అంకుల్?" అంది మోనికా. తను పెద్దయ్యాక అతనితో ఆమె తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారి. "రెండు నెలల నించీ రోజూ రాత్రి బండెక్కి, ఎర్ర లైటు కనిపిస్తుందా లేదా అని చూసుకునేవారట. పదిహేను రోజుల కిందట అది కూడా పోయిందట. అయినా ఎక్కి కూర్చునేవారు, ఏదో ఒక రోజు కనిపిస్తుందని. మీకు తెలుసనే చెప్పారు నాతో. 'రాజు నన్నిలా చూడలేకపోతున్నాడే, అందుకే కూర్చోకుండా వెళ్లిపోతున్నాడు' అన్నారు."

ధర్మరాజు "ఊఁ" అన్నాడు. నాన్న లేచాక మాట్లాడిస్తానని ఆమె అంటే దానికీ "ఊఁ" అనే అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, తాళంచెవి పెట్టి దీపం ఆపి, పట్టుకుని పట్టుకుని కిందికి దిగాడు. బండెక్కే ముందు చెప్పులు విప్పడం జ్ఞానరత్నం అలవాటని అప్పుడు గుర్తొచ్చింది.

ఎక్కే మెట్టుకి ఒక్క జానెడు దూరంలో, పెద్ద చక్రం నీడలో, నీలం పట్టీల హవాయి చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది.